అర్జునుడి పన్ను నొప్పి

మా బావ మునిశేఖర్ ఏడాదికి పద్దెనిమిది రోజులు అర్జునుడు. మిగిలిన రోజుల్లో మామిడితోటకు నీళ్ళు కట్టుకునే మామూలు మనిషి. మొగుణ్ణి పట్టుకుని బావ అంటోందేమిటని అనుకోకండి, సొంత మేనత్త కొడుకునే చేసుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి కాబట్టి ఆయన దగ్గర నాకు కాస్త నోరెక్కువ.

మా మిట్టపాళెం కార్వేటినగరానికి బస్సులో అరగంట. ప్రతి ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అన్నిటికన్నా జనం విరగబడి వచ్చేది అర్జునుడి తపస్సు రోజున. గుడి ముందు తాటిచెట్టంత పొడవు మాను పాతి, దానికి అటూ ఇటూ కర్రమెట్లు దిగ్గొడతారు. దాన్నే తపసు మాను అంటాం. అర్జునుడు ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కో పద్యం పాడుతూ పైకెక్కి, కొసనున్న చిన్న మంచె మీద కూర్చుని శివుణ్ణి పాశుపతం అడుగుతాడు. అక్కణ్ణుంచి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు తడిబట్టలతో కింద కూర్చుని కొంగులు పడతారు. మా మామ తిరుమలయ్య ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆ మాను ఎక్కాడు, ఆయన తరవాత మా బావ. నేను ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎవరెవరు మా బావ విసిరిన నిమ్మకాయకు పుట్టారో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెబుతాను.

ఇది తొంభై తొమ్మిది నాటి సంగతి. అంతకు ముందు ఏడు తపస్సు రోజున మా బావ సగం మాను ఎక్కి, పద్యాన్ని మధ్యలో మింగేసి, మానును రెండు చేతులా కావలించుకుని ఆగిపోయాడు. కింద జనం గోవిందలు కొట్టారు. ఆయన కదల్లేదు. చివరికి ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగివచ్చి, ఒళ్ళంతా చెమటతో నా మీద వాలిపోయాడు.

"లోకా, గుండె పగిలిపోతాండాది. నేను సచ్చిపోతా ఉండా" అన్నాడు.

చిత్తూరు తీసుకుపోయాం. గుండెకు వైర్లు తగిలించి, కాగితం గీయించి, ఏమీ లేదు ఇంటికి పొమ్మన్నారు. ఏమీ లేనిది మళ్ళీ బస్సులో వచ్చింది. బెల్లం మండీలో వచ్చింది. మంగలి కుర్చీలో గడ్డం సగం గీసి ఉండగా వచ్చింది. ఎక్కడ వస్తే అక్కడికి పోవడం మానేశాడు మా బావ. బస్సు మానేశాడు, మండీ మానేశాడు, క్షవరం మానేశాడు. చలికాలం వచ్చేసరికి గడప దాటడం కూడా మానేశాడు.

మా అత్త కుప్పమ్మ గాలి సోకిందని తేల్చింది. తాయెత్తులు కట్టించింది, వేపమండలతో కొట్టించింది. మా దొడ్లో కోడిపుంజులన్నీ ఒకటొకటిగా మంత్రగాళ్ళ పాలయ్యాయి. ఆ ఏడు వానలు కూడా సరిగ్గా పడలేదు. తపసు సగంలో ఆగింది కాబట్టి వాన కూడా సగంలో ఆగిందని టీ కొట్టు దగ్గర కూర్చునే మేధావులు లెక్క తేల్చేశారు. ఆ మాట నా చెవిన పడినప్పుడు టీ కొట్టుకు నిప్పు పెడదామన్నంత కోపం వచ్చింది.

ఒకరోజు భారతం పెద్ద దామోదరం మా వాకిట్లోకి వచ్చాడు. చెడ్డవాడు కాదు, మాట మాత్రం ముక్కుసూటిగా ఉంటుంది.

"సూడమ్మా లోకేశ్వరీ. ఈసారి భారతానికి గుడి మీద జెండా ఎక్కేలోగా మీ ఆయన ఏదో ఒకటి సెప్పాల. ఆయన వల్ల కాదంటే అర్జునుడి వేషానికి పుత్తూరు పెంచలయ్యను పిలిపిస్తా. దేవుడి పని, నాదేముండాది ఇందులో?"

వేషం ఒకసారి చెయ్యి మారితే మళ్ళీ తిరిగి రాదు. అది మా ఊరి పద్ధతి. తలుపు వెనక నిలబడి మా బావ అంతా విన్నాడు. అన్నం ముందు కూర్చుని, "నాయన ఎక్కిన మాను కదా లోకా" అని ఒక్క మాట అని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా లేచిపోయాడు. ఈ మాను చేజారితే ఈ మనిషి నాకు మిగలడని అప్పుడు నాకు భయం పట్టుకుంది.

నర్సు రాఘవమ్మ నెలనెలా పిల్లల్ని తూకం వెయ్యడానికి మా అంగన్‌వాడీకి వచ్చేది. ఆమెతో చెప్పుకుని ఏడ్చాను. అంతా విని, కార్వేటినగరం ఆసుపత్రికి నెలకోసారి శనివారం పూట తిరుపతి నుంచి మనసు డాక్టరు వస్తాడని చెప్పింది.

"మా బావకు పిచ్చంటాండావా అక్కా?" అని లేచాను.

"పిచ్చని నేనన్నానా మే? నువ్వే అంటాండావు" అని, ఆమె ఏడుస్తున్న పిల్లాణ్ణి తక్కెట్లో కూర్చోబెట్టింది.

పోవాలని నిర్ణయించుకున్నాం సరే, ఊళ్ళో ఏం చెప్పాలి? పిచ్చి డాక్టరు దగ్గరకు పోయాడని తెలిస్తే దామోదరం ఆ రోజే పుత్తూరుకు మనిషిని పంపిస్తాడు. పన్ను నొప్పి అని చెప్పాం. మా అత్త పాపం నిజమనుకుని కొడుకు బుగ్గన లవంగం పెట్టి పంపించింది. బస్సులో మా బావ కళ్ళు మూసుకుని నా చెయ్యి పిండేశాడు. గాజులు రెండు చిట్లాయి.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద జనం ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నారు. బెంచీ చివరన తువ్వాలు జారితే చూద్దును కదా, మా ఊరి చెంగయ్య! పెళ్ళయినా చావయినా మాటలతో అందర్నీ నవ్వించే చెంగయ్య.

"ఏమప్పా చెంగయ్యా, ఈడ ఉండావు?" అన్నాడు మా బావ, నోరు జారి.

"పన్ను నొప్పి మునిశేఖరా. నీకు?"

"నాకూ పన్నే."

ఇద్దరూ గోడ మీది పోలియో బొమ్మను శ్రద్ధగా చూడసాగారు. రాఘవమ్మ మా ముందు నుంచి పోతూ, "ఈ బెంచీ మీద కూర్చున్నోళ్ళందరికీ పన్ను నొప్పే. డాక్టరు మాత్రం ఒక్క పన్నూ సూడకుండా పోతాడు పాపం" అంది.

డాక్టరు పేరు యోగానంద. తిరుపతి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. మా బావను చెప్పనిచ్చాడు. మధ్యలో అడ్డం రాలేదు, గడియారం చూడలేదు. ఏడాదిగా మా బావ అంతసేపు మాట్లాడ్డం నేను వినలేదు.

"మీ గుండె గట్టిదే" అన్నాడు చివరికి. "మీ ఇంట్లో కుక్క ఉందా?"

"ఉండాది సార్."

"దొంగ లేకపోయినా ఒక్కోసారి ఊరికే మొరుగుతుంది కదా. మీ లోపల ఉన్న భయం అట్లా మొరుగుతా ఉంది. కుక్క మొరిగిందని మీరు ఇల్లు వదిలి పరిగెత్తితే, నిజంగానే దొంగ ఉన్నాడనుకుని రేపు ఇంకా గట్టిగా మొరుగుతుంది. కదలకుండా కూర్చుంటే కాసేపటికి దానికే విసుగుపుట్టి ఊరుకుంటుంది."

మాత్రలు రాశాడు, అవి పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు. ఊపిరి నిదానంగా బయటికి వదలడం నేర్పించాడు. ముందు వీధి చివరిదాకా నడవాలి, తరవాత బస్సెక్కాలి, ఆ తరవాత ఎత్తు. భయం ఎక్కడ వస్తే అక్కడే ఆగాలి, అది తగ్గేదాకా దిగకూడదు. ఇదీ ఆయన పెట్టిన నియమం. "ఎత్తంటే మేడ మెట్లతో మొదలుపెట్టండి. ఒంటరిగా వద్దు, ఈమె దగ్గరుండాల" అని నన్ను చూపించాడు.

మాత్రలు మొదలైన నెలకు మా బావ క్షవరం చేయించుకున్నాడు. ఆ గడ్డం పోయిన మొహం చూసి నేను వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను. బస్సు కూడా లొంగింది. ఎత్తు దగ్గరే చిక్కు వచ్చిపడింది. మా ఊళ్ళో మేడ ఒక్కటే, అది దామోదరానిది. రోజూ పోయి ఆయన మెట్లెక్కి దిగుతుంటే ఏమని చెప్పాలి? పోనీ తపసు మాను ఎక్కుదామంటే, పూజ చేసి పసుపు పూసి పాతేదాకా దాన్ని ఎవ్వరూ తాకకూడదు. ఇక మిగిలింది ఊరవతల పంచాయతీ వాళ్ళ నీళ్ళ ట్యాంకు. దానికి ఇనప నిచ్చెన ఉంది, చుట్టూ కమ్మీల చట్రం కూడా ఉంది. డాక్టరు మేడ అన్నాడు, మేము ట్యాంకు అనుకున్నాం. అంతే తేడా.

రోజూ తెల్లవారకముందే చెంబులు పట్టుకుని బహిర్భూమికి పోతున్నట్టు పోయేవాళ్ళం. ఆయన ఎక్కేవాడు, నేను కింద నిలబడేదాన్ని. భయం వచ్చిన మెట్టు దగ్గర ఆగి, "లోకా, ఏమన్నా సెప్పు" అనేవాడు. ఏం చెప్పను? ఇంటి కబుర్లు చెప్పేదాన్ని. చుక్కావుకు నెలలు నిండుతున్నాయని, మీ అమ్మ మళ్ళీ ఉప్పు ఎక్కువేసిందని, రాఘవమ్మ కొత్త గొడుగు కొనిందని. వింటూ వింటూ ఆయన ఊపిరి నిదానించేది. "ఆ గొడుగు ఏం రంగు?" అని అడిగాడంటే భయం తగ్గిందని నాకు గుర్తు. అప్పుడు ఇంకో మెట్టు.

జెండా ఎక్కే రోజు దగ్గరపడింది. ఆ ఉదయం అంగన్‌వాడీ తాళంచెవి కోసం ఇల్లంతా వెతుకుతూ నేను ఆలస్యం చేశాను. మా బావ ఆగలేక ఒక్కడే పోయి, మొదటిసారిగా ట్యాంకు కొసదాకా ఎక్కేశాడు. పైన కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. గుండె దడదడలాడుతోంది కాబట్టి, నియమం ప్రకారం అది తగ్గేదాకా దిగకూడదని కూర్చున్నాడు. మోటారు వెయ్యడానికి వచ్చినవాడు తలెత్తి చూశాడు. వెర్రికేక పెట్టి ఊళ్ళోకి పరిగెత్తాడు.

నేను పోయేసరికి ఊరంతా అక్కడే ఉంది. మా అత్త నేల మీద దొర్లుతోంది. "నాయనా, దూకొద్దురా! ఇంక వేపమండలతో కొట్టించను రా!"

"ఇప్పుడే దిగను!" అని పైనుంచి అరిచాడు మా బావ. "కాసేపు కావాల!"

ఆ మాటతో అందరికీ గుండెలు జారాయి. పక్క పొలం వాడు ముందుకు వచ్చి, "అబ్బా మునిశేఖరా, ఆ గట్టు నీదే! నేనే జరిపినా! దిగిరా!" అన్నాడు. టీ కొట్టువాడు, "వాన నీవల్ల ఆగిందని అనిందెవురో నాకు తెలీదు, నేను మాత్రం కాదు!" అని ప్రమాణం చేశాడు. ఎవరో మా పుంజును కూర వండుకున్న సంగతి కూడా ఒప్పేసుకున్నారు. మంత్రగాడి లెక్కలో పోయిందనుకున్న పుంజు అది. దామోదరం చేతులు జోడించి, "అర్జునుడివి నువ్వే అప్పా! పెంచలయ్యా లేడు, వాడి తాతా లేడు! దిగిరా నాయనా!" అన్నాడు. ఎంత బతిమాలితే అంత కంగారు పుట్టి, మా బావ గుండె ఇంకా కొట్టుకుని, ఇంకా దిగకుండా కూర్చున్నాడు.

నాకు ముందు నవ్వు వచ్చింది. ఆ తరవాత మా అత్త మొహం చూస్తే నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు నిజం చెబితే మాను పోతుంది. చెప్పకపోతే ఈ ముసలామె గుండె ఆగేట్టుంది. నేను చెప్పేశాను.

"దూకేదానికి కాదత్తా! తపసు మాను ఎక్కేదానికి అభ్యాసం సేస్తాండాడు. పన్ను నొప్పి లేదు, పాడూ లేదు. తిరుపతి నుంచి వచ్చే మనసు డాక్టరు దగ్గర మందు తింటా ఉండాడు. భయం తగ్గినాకనే దిగాలని డాక్టరు సెప్పినాడు!"

వెనక నుంచి ఎవరో మెల్లగా, "పిచ్చి డాక్టరా?" అన్నారు.

చెంగయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ముందుకు వచ్చాడు. "ఔ. నేనూ ఆయన దగ్గరికే పోతా ఉండా. నా పెండ్లాం పోయినప్పటి నుంచి నాకు నిద్ర లేదప్పా. మిమ్మల్ని పగలంతా నగిస్తా, ఇంటికి పోయి గోడ సూస్తా కూసుంటా. ఇప్పుడు మందు తిని పండుకుంటాండా. నాకు పిచ్చి అనేవోడు ముందుకు రండి, సూస్తా."

ఎవరూ రాలేదు. చెంగయ్యను అంత గంభీరంగా మా ఊరు ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు పైనుంచి మా బావ గొంతు వినిపించింది. "లోకా, తగ్గింది! దిగతా ఉండా!"

దిగాక మా అత్త ఆయన్ని తడిమి తడిమి చూసి, నా వీపు మీద ఒకటి చరిచింది. "పన్ను నొప్పని సెప్పి నాతో లవంగాలు దండగ సేయిస్తివి కదే!"

దామోదరం మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. మాత్రలు మింగే అర్జునుణ్ణి ఆయన ఎన్నడూ వినలేదు. చివరికి మధ్యేమార్గం చెప్పాడు. వేషం మా బావదే, కానీ పెంచలయ్య కూడా చేతికి దీక్ష కాపు కట్టుకుని మాను కింద సిద్ధంగా ఉంటాడు. మా బావ మళ్ళీ సగంలో దిగితే ఆయన ఎక్కుతాడు, ఆ తరవాత ఏటేటా ఆయనే. ఆ నెల శనివారం బస్సులో మా ఊరి నుంచి మాతో పాటు ఇంకొందరు ఎక్కారు, ముఖాలకు తువ్వాళ్ళు లేకుండా. ట్యాంకు సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు. "మేడ మెట్లన్నాను కదమ్మా!" అని నన్ను గట్టిగా కోప్పడ్డాడు. కోపం తీరాక, తపస్సు ఏ రోజో అడిగి రాసుకున్నాడు.

చేతికి కాపు కట్టుకున్నాక అర్జునుడు ఇంటికి రాకూడదు, గుడిలోనే పడుకోవాలి. అన్ని రోజులూ మా బావను నేను దూరం నుంచే చూశాను. తపస్సు రోజు మధ్యాహ్నం ఎండకు నేల కాలిపోతోంది, అయినా చుట్టుపక్కల పల్లెల జనమంతా వచ్చారు. యోగానంద డాక్టరు కూడా వచ్చి రాఘవమ్మ గొడుగు కింద కూర్చున్నాడు. పెంచలయ్య మాను పక్కనే మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. ఆయన తప్పేమీ లేదు కానీ, ఆ మీసం పీకెయ్యాలనిపించింది నాకు.

మా బావ ఎక్కడం మొదలుపెట్టాడు. మెట్టుకో పద్యం. గొంతు ఖంగుమంటోంది. సగానికి, సరిగ్గా కిందటేడు ఆగిన మెట్టు దగ్గరకు వచ్చి ఆగిపోయాడు. మానును కావలించుకున్నాడు.

హార్మోనియం ఆగింది. తడిబట్టల ఆడవాళ్ళు కొంగులు దించేశారు. "మళ్ళీ వచ్చిందిరా" అన్నారెవరో. పెంచలయ్య పంచె బిగించాడు. దామోదరం నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో జాలి చూసి నాకు ఏడుపు వచ్చింది. డాక్టరు వైపు చూశాను. ఆయన అరచెయ్యి కిందికి చూపించి, ఆగు అన్నట్టు నిదానంగా ఊపాడు.

అవును, మా బావ చిక్కుకుపోలేదు. ఆగాడు. ఏమన్నా చెప్పమని ఇన్ని వేలమందిలో అడగలేక ఆగాడు. నాకు సిగ్గూ శరమూ పోయింది. లేచి నిలబడి గొంతెత్తాను.

"బావా! తెల్లారి చుక్కావు ఈనింది!"

జనం బిత్తరపోయారు. దేవుడి తపస్సు మధ్యలో ఆవు ఈనడమేమిటి? నేను ఆపలేదు. "మీ అమ్మ జున్ను కాసింది! దాంట్లో కూడా ఉప్పేసింది!"

ఎక్కడో ఒక నవ్వు పుట్టింది. చెంగయ్య లేచాడు. "మునిశేఖరా! నేను నిన్న పొద్దెక్కిందాకా నిద్రపోయినానప్పా! కోడి కూసినా లేవలే!" టీ కొట్టువాడు లేచి, కొత్త బాయిలర్ కొన్నానన్నాడు. పక్క పొలం వాడు గట్టు ఎక్కడుండాలో అక్కడ పెట్టేశానన్నాడు. ఒకరి తరవాత ఒకరు ఊరంతా తమ తమ ఇంటి కబుర్లు మాను మీదికి విసరసాగారు. ఎవరి కూతురు నడక నేర్చిందో, ఎవరి బోరులో నీళ్ళు పడ్డాయో. చివరికి దామోదరం కూడా లేచాడు. ఏం చెప్పాలో తోచక, "మా ఫోను పలకడం లేదప్పా!" అని అరిచి కూర్చున్నాడు.

మా బావ చేతులు సడలాయి. తల పైకెత్తాడు. ఆగిన పద్యం ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుని, ఊపిరంతా బయటికి తీసి సాగదీసి పాడాడు. పాదం పై మెట్టు మీద పడింది. ఆ తరవాత ఇంకొకటి. పెంచలయ్య పంచె వదులు చేసుకుని, మా బావకు తానే ముందుగా గోవింద కొట్టాడు. నేను ఆయన మీసాన్ని క్షమించేశాను.

మా బావ మంచె ఎక్కి కూర్చున్నాడు. ఆడవాళ్ళు కొంగులు పట్టారు. నిమ్మకాయల జోలెలో చెయ్యి పెట్టి, విసరబోయి, ఆగాడు. ఊరు మళ్ళీ ఊపిరి బిగబట్టింది. ఆయన మెడ సాచి, నా కోసం గుంపులో వెతికాడు.

"లోకా! పెయ్యా, కోడెదూడా?"

చుట్టూ జనం పగలబడి నవ్వుతున్నారు, నేనేమో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. పక్కనున్న మా అత్తే లేచి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది.

"పెయ్యరా నాయనా! పెయ్యదూడ!"

"సరే అమా!" అన్నాడు అర్జునుడు, నిమ్మకాయలు విసరడం మొదలుపెట్టాడు.